పోస్టులే లేని చోట రిజర్వేషన్ ఎవరికి?

2024 జనవరి 5, శుక్రవారం. మచిలీపట్నంలో జుమా నమాజు ముగించుకుని మసీదు మెట్లు దిగుతున్నాం. మా వీధిలోని అంగన్‌వాడీ కేంద్రానికి తాళం పడి అప్పటికి మూడు వారాలు దాటింది. జమాతులోని ఒక పెద్దాయన విసుగ్గా అన్నారు: “జీతం చాలదని వీళ్లు రోడ్డెక్కితే పసిపిల్లలకు గుడ్డు, పాలు ఎవరిస్తారు? ఈ యూనియన్లతో మనకేం పని?” ఆయన పక్కన నడుస్తున్న కుర్రవాడు మాట్లాడలేదు, తల దించుకున్నాడు. అతడి తల్లి ఆ కేంద్రంలోనే ఆయా. డిసెంబరు 12 నుంచి బురఖా వేసుకుని రోజూ సమ్మె శిబిరంలో కూర్చుంటున్నది ఆమే. పెద్దాయనకు ఆ సంగతి తెలియదు. తెలిసిన మేము కూడా చెప్పలేదు.

ఆ మౌనం నన్ను ఇప్పటికీ బాధిస్తుంది. ప్రభుత్వ సేవలను, ప్రభుత్వ కార్మికులను కాపాడడానికి కార్మిక సంఘాలు చేస్తున్న పోరాటాన్ని ముస్లిం సమాజం తనకు సంబంధం లేని వ్యవహారంగా చూస్తున్నది. ఇది ‘వాళ్ల’ గొడవ, మన సమస్యలు వేరు అనుకుంటున్నది. ఈ అభిప్రాయం తప్పని, ఈ తప్పుకు మనం ఇప్పటికే మూల్యం చెల్లిస్తున్నామని చెప్పడమే ఈ వ్యాసం ఉద్దేశం.

అత్యవసరం, కాని గౌరవ వేతనం

ఆ శుక్రవారం గడిచిన మర్నాడే, జనవరి 6న, రాష్ట్ర ప్రభుత్వం అంగన్‌వాడీ సేవలను అత్యవసర సేవల నిర్వహణ చట్టం పరిధిలోకి తెచ్చింది. ‘ఎస్మా’ అని మనం పిలిచే ఆ చట్టం కింద సమ్మె నిషిద్ధం. ఇందులోని వైరుధ్యాన్ని గమనించాలి. జీతం అడిగినప్పుడు అంగన్‌వాడీ మహిళ ఉద్యోగి కాదు, గౌరవ వేతనం తీసుకునే సేవకురాలు. అప్పటికి టీచరుకు నెలకు 11,500 రూపాయలు, ఆయాకు 7,000 రూపాయలు. సమ్మె చేసినప్పుడు మాత్రం ఆమె లేకపోతే ప్రజా జీవనం స్తంభించేంత అత్యవసరమైన వ్యక్తి. ఒకే మనిషి నెల చివర ఎవరూ కానిది, నెల మధ్యలో అందరికీ అవసరమైనది!

వాళ్లు అడిగినవి గొంతెమ్మ కోరికలు కావు. గ్రాట్యుటీ ప్రధాన డిమాండ్లలో ఒకటి. అంగన్‌వాడీ టీచర్లకు, సహాయకులకు 1972 నాటి గ్రాట్యుటీ చెల్లింపు చట్టం వర్తిస్తుందని సుప్రీంకోర్టు 2022 ఏప్రిల్ 25న గుజరాత్ కేసులో తీర్పు చెప్పింది. దేశ అత్యున్నత న్యాయస్థానం ఇచ్చిన హక్కును అమలు చేయమని అడగడానికి ఆడవాళ్లు 42 రోజులు టెంటు కింద కూర్చోవలసి వచ్చింది. సీఐటీయూ, ఏఐటీయూసీ, ఐఎఫ్‌టీయూ అనుబంధ సంఘాలు విభేదాలు పక్కనబెట్టి కలిసి నడిచాయి. జనవరి 22 రాత్రి చర్చల్లో ప్రభుత్వం కొన్ని హామీలు ఇచ్చిన తరువాత సమ్మె ముగిసింది. కోరినవన్నీ దక్కలేదు. కాని ఉద్యోగం పోతుందని బెదిరిస్తే బెదరని ఒక మహిళా శ్రేణి రాష్ట్రమంతటా తయారయింది. ఏడాది తరువాత, 2025 మార్చిలో, వేరొక ప్రభుత్వం ఆశా కార్యకర్తలకు గ్రాట్యుటీని, 180 రోజుల వేతనంతో కూడిన ప్రసూతి సెలవును ప్రకటించింది. టెంట్ల కింద గడిచిన సంవత్సరాలే ఆ ప్రకటనకు పునాది. ప్రభుత్వాలు మారినంత మాత్రాన అలాంటివి వాటంతట అవి రావు.

మచిలీపట్నంలోని ఖాలేఖాన్‌పేటలోనో ఇనుగుదురుపేటలోనో గర్భిణి అయిన ఒక పేద ముస్లిం స్త్రీకి పౌష్టికాహారం ఎక్కడి నుంచి వస్తున్నది? ఆమె బిడ్డకు టీకా ఎవరు వేయిస్తున్నారు? ప్రసవానికి ఆమె ఎక్కడికి వెళుతున్నది? పెద్ద పిల్ల ఏ బడిలో చదువుతున్నది? ఈ నాలుగు ప్రశ్నలకూ సమాధానాలు ప్రభుత్వ వ్యవస్థలోనే ఉన్నాయి. ఉన్నవాడికి ప్రభుత్వ సేవ పాడైతే మరో దారి ఉంటుంది. లేనివాడికి అదే మొదటి దారి, అదే ఆఖరి దారి. మన సముదాయంలో లేనివాళ్లే ఎక్కువ.

నాలుగు శాతం లెక్క

ఇప్పుడు మన సొంత డిమాండు దగ్గరకు వద్దాం. ముస్లిం రిజర్వేషన్ కోసం మనం ఎంత పోరాడామో ఈ పత్రిక పాఠకులకు చెప్పనవసరం లేదు. 2004లో ఇచ్చిన 5 శాతం కోర్టులో నిలవలేదు. 2005 నాటి చట్టాన్ని కూడా హైకోర్టు కొట్టివేసింది. 2007లో వెనుకబడిన 14 ముస్లిం వర్గాలకు బీసీ-ఇ కింద 4 శాతం కల్పిస్తూ చట్టం వచ్చింది. 2010 ఫిబ్రవరిలో హైకోర్టు దానినీ కొట్టివేస్తే, అదే ఏడాది మార్చిలో సుప్రీంకోర్టు ఇచ్చిన మధ్యంతర ఉత్తర్వుతో అది కొనసాగుతున్నది. దానికోసం సభలు పెట్టాం, ర్యాలీలు తీశాం, వకీళ్లకు చందాలు పోగుచేశాం. బాగుంది.

అయితే 4 శాతం అంటే ఏమిటి? వంద పోస్టుల్లో నాలుగు. సగటున ఇరవై ఐదు పోస్టులకు ఒకటి. జిల్లాలో ఒక శాఖ శాశ్వత ప్రాతిపదికన పది పోస్టులు మాత్రమే భర్తీ చేస్తే మన వంతు రావచ్చు, రాకపోవచ్చు. అసలు నోటిఫికేషనే వేయకుండా, ఆ పనినంతా ఒక ఏజెన్సీకి అప్పగిస్తే? అప్పుడు వందలో నాలుగు కాదు, సున్నాలో నాలుగు శాతం. సున్నాలో నాలుగు శాతమైనా, నలభై శాతమైనా సున్నాయే. రాజ్యాంగంలోని 16(4) అధికరణం ప్రభుత్వ నియామకాల గురించి మాట్లాడుతుంది. ప్రైవేటు యజమాని ఇచ్చే కొలువు గురించి అది మాట్లాడదు. కాంట్రాక్టరు చేతిలో రోస్టరు ఉండదు. అతని దగ్గర ఉన్నది తనకు తెలిసినవాళ్ల పట్టిక. ఆ పట్టికలో మన పేర్లు ఎంత అరుదుగా ఉంటాయో పని కోసం తిరిగిన ప్రతి ముస్లిం యువకుడికీ తెలుసు.

2005లో ఏర్పడి 2006 నవంబరులో నివేదిక ఇచ్చిన సచార్ కమిటీ మన పరిస్థితిని అంకెల్లో చూపింది. 2001 జనాభా లెక్కల ప్రకారం దేశంలో ముస్లింలు 13.4 శాతం. ఐఏఎస్‌లో 3 శాతం, ఐపీఎస్‌లో 4 శాతం, రైల్వేల్లో 4.5 శాతం. రైల్వేల్లో ఉన్న ఆ కొద్దిమందిలోనూ 98.7 శాతం కింది స్థాయి ఉద్యోగులే. ఈ చివరి అంకెను మనం ఫిర్యాదుగా మాత్రమే చదివాం. మరోవైపు నుంచి కూడా చదవాలి. ప్రభుత్వంలో ముస్లిం ఉన్నాడంటే కింది మెట్టు మీదనే ఉన్నాడు: అటెండరుగా, కండక్టరుగా, కళాసీగా, ఆయాగా. పొరుగు సేవలకు అప్పగించే కోత మొదలయ్యేది కూడా ఆ కింది మెట్టు నుంచే. పై మెట్లు ఎక్కనివ్వలేదని మనం వాదిస్తున్న కాలంలోనే మన కాళ్ల కింది మెట్టును ఊడదీస్తున్నారు. ఆ మెట్టు దగ్గర కాపలా ఉన్నవి కార్మిక సంఘాలే.

కృష్ణా జిల్లా బస్సు కథ

ప్రభుత్వ సేవ అనేది ఎవరో దయతలచి ఇచ్చినది కాదనడానికి మన జిల్లాలోనే పెద్ద ఉదాహరణ ఉంది. 1950ల చివర కృష్ణా జిల్లాలో బస్సు రవాణాను జాతీయం చేయాలని ప్రభుత్వం తలపెట్టినప్పుడు ప్రైవేటు బస్సు యజమానులు సుప్రీంకోర్టు దాకా వెళ్లారు. గుళ్లపల్లి నాగేశ్వరరావు కేసుగా న్యాయశాస్త్ర విద్యార్థులందరూ చదివేది ఆ కేసునే. అభ్యంతరాలను విన్నది కార్యదర్శి, నిర్ణయం తీసుకున్నది ముఖ్యమంత్రి. ఒకరు విని మరొకరు తీర్పు చెప్పడం న్యాయం కాదని జస్టిస్ కోకా సుబ్బారావు 1958 నవంబరులో తీర్పు రాశారు. ప్రభుత్వం మళ్లీ విచారణ జరిపి పథకాన్ని ముందుకు తీసుకువెళ్లింది. ఆ విధంగా బందరు, గుడివాడ, అవనిగడ్డ రోడ్ల మీదికి ఎర్ర బస్సు వచ్చింది. లాభం వచ్చే రూటులోనే తిరిగే బస్సు పోయి, నాగాయలంక దాకా, కోడూరు దాకా వెళ్లే బస్సు వచ్చింది. పదిమందే ఎక్కినా ఆ బస్సు నడుస్తుంది, ఎందుకంటే దాని లెక్క ఒక్క టిక్కెట్ల లెక్క కాదు.

ఆ బస్సును నడిపేవాళ్ల కథ రెండు తెలుగు రాష్ట్రాల్లో రెండు విధాలుగా సాగింది. తెలంగాణలో 2019 అక్టోబరు 5న సుమారు 48 వేల మంది ఆర్టీసీ కార్మికులు సమ్మెకు దిగారు. సంస్థను ప్రభుత్వంలో విలీనం చేయాలన్నది వారి ప్రధాన కోరిక. గడువులోగా చేరనివారు తమను తామే తొలగించుకున్నట్టేనని ప్రభుత్వం అన్నది. 5,100 రూట్లను ప్రైవేటుకు ఇవ్వడానికి మంత్రివర్గం తీర్మానించింది. 52 రోజుల తరువాత, కొందరు సహచరులను పోగొట్టుకుని, ఏ హామీ లేకుండానే కార్మికులు సమ్మె విరమించారు. ఆంధ్రప్రదేశ్‌లో అదే విలీనం ఎన్నికల వాగ్దానంగా మారి, 2020 జనవరి 1 నుంచి సుమారు 52 వేల మంది ప్రజా రవాణా శాఖ ఉద్యోగులయ్యారు. 2023 ఆగస్టులో తెలంగాణ శాసనసభ కూడా విలీన బిల్లును ఆమోదించింది. ఓడిపోయిందనుకున్న సమ్మె నాలుగేళ్ల తరువాత గెలిచింది. పోరాట ఫలితాన్ని ఆ నెల జీతం చీటీలో మాత్రమే వెదకకూడదని ఈ చరిత్ర చెబుతున్నది.

2025 ఆగస్టు 15న మన రాష్ట్రంలో స్త్రీశక్తి పథకం మొదలైంది. పెడన నుంచి బందరు ఆస్పత్రికి వచ్చే తల్లి, పల్లె నుంచి గుడివాడ కళాశాలకు వెళ్లే అమ్మాయి పల్లెవెలుగులో టిక్కెట్టు లేకుండా ప్రయాణిస్తున్నారు. ఆడపిల్లల చదువు గురించి మన సభల్లో గంటల తరబడి ఉపన్యాసాలు ఇస్తాం. ఆ చదువుకు రోజూ రెండుసార్లు అడ్డుపడేది బస్సు చార్జీ. ఆ అడ్డు తొలగింది. కాని ఈ పథకం నిలబడడానికి ఒక షరతు ఉంది: ప్రభుత్వ బస్సు ఉండాలి, దానికి సరిపడా డ్రైవర్లు, కండక్టర్లు, మెకానిక్కులు ఉండాలి. ఖాళీలు భర్తీ చేయండి, కొత్త బస్సులు సంస్థే కొనాలి, ప్రైవేటు కంపెనీల విద్యుత్ బస్సులను కిలోమీటరుకు ఇంతని అద్దెకు తీసుకుని డిపోలను వాళ్ల చేతికి ఇవ్వవద్దు అని ఆర్టీసీ సంఘాలు అడుగుతున్నాయి. ఇది డ్రైవరు స్వార్థం అని ఎవరైనా అంటే, ఆ బస్సులో కూర్చున్న మన అమ్మాయి స్వార్థం కూడా అదేనని జవాబు చెప్పాలి.

బందరులో పుట్టిన బ్యాంకు

మా దాదీమా ట్రంకు పెట్టెలో ఒక పాత పాస్‌బుక్కు ఉండేది. దాని మీద ఆంధ్రా బ్యాంకు ముద్ర. ఆమెకు చదువు రాదు, వేలిముద్ర వేసేది. అయినా “అది మన ఊరి బ్యాంకు” అని గర్వంగా చెప్పుకునేది. నిజమే. 1923 నవంబరులో భోగరాజు పట్టాభి సీతారామయ్య మచిలీపట్నంలో స్థాపించిన బ్యాంకు అది, లక్ష రూపాయల చెల్లింపు మూలధనంతో. 1980 ఏప్రిల్ 15న జాతీయమయింది. 2019 ఆగస్టు 30న దానిని యూనియన్ బ్యాంకులో కలుపుతున్నట్లు కేంద్ర ఆర్థికమంత్రి ప్రకటించారు. 2020 ఏప్రిల్ 1న, దేశమంతా లాక్‌డౌన్‌లో ఇళ్లలో ఉన్నప్పుడు, ఆ పేరు చరిత్రలో కలిసిపోయింది.

ఆ ఏడు నెలల కాలంలో ఎవరు అడ్డు చెప్పారు? బ్యాంకు ఉద్యోగ సంఘాలు. నల్ల బ్యాడ్జీలు పెట్టుకున్నారు, ధర్నాలు చేశారు. విలీనాలకు వ్యతిరేకంగా ఏఐబీఈఏ, బెఫీ 2019 అక్టోబరు 22న దేశవ్యాప్త సమ్మె చేశాయి. ప్రజలు ఏమి చేశారు? బ్యాంకు ఒకరోజు మూతపడినందుకు విసుక్కున్నారు. అందులో నేనూ ఉన్నాను. పేరు పోతే ఏమైంది, ఖాతా ఉంది కదా అనుకున్నాను. కాని పొరుగువాడికి తెలిసిన బ్యాంకుకూ, వేల మైళ్ల అవతల నిర్ణయాలు జరిగే బ్యాంకుకూ తేడా ఉంటుంది. ఈ తేడా మనకు మరింత ఎక్కువ. కొన్ని బ్యాంకులు ముస్లింలు ఎక్కువగా ఉన్న ప్రాంతాలను రుణాలకు పనికిరాని మండలాలుగా గుర్తించాయని సచార్ కమిటీయే రాసింది. అది అన్యాయమని నిలదీయడానికి మనకు ఒక ఆధారం ఉంది. ప్రధానమంత్రి 15 సూత్రాల కార్యక్రమం ప్రాధాన్య రంగ రుణాల్లో మైనారిటీలకు 15 శాతం లక్ష్యంగా పెట్టింది. సమాచార హక్కు చట్టం కింద ప్రభుత్వ బ్యాంకును ఎంత ఇచ్చారని అడగవచ్చు. ప్రైవేటు యాప్‌ను ఎవరు అడుగుతారు? రాత్రికి రాత్రి అప్పు ఇచ్చి, తెల్లవారేసరికి బంధువులందరికీ ఫోన్లు చేసి పరువు తీసేవాడికి 15 సూత్రాలు తెలియవు.

ప్రభుత్వ సంస్థ ఎప్పుడూ మంచిదేనని నేను అనడం లేదు. అది తప్పు చేస్తే అడగడానికి మనకు చట్టబద్ధమైన చెయ్యి ఉందంటున్నాను. సంస్థ ప్రైవేటు పరమైన రోజున ఆ చెయ్యి తెగిపోతుంది.

వైద్యం విషయంలోనూ ఇదే జరుగుతున్నది. 2023 సెప్టెంబరు 15న మచిలీపట్నం ప్రభుత్వ వైద్య కళాశాల ప్రారంభమైనప్పుడు బందరు అంతా సంతోషించింది. కాని కొత్త కళాశాలల్లో రాష్ట్ర కోటా సీట్లలో సగాన్ని సెల్ఫ్ ఫైనాన్స్, ఎన్నారై కోటాలుగా మార్చి సీటుకు ఏడాదికి 12 లక్షలు, 20 లక్షలు ఫీజు పెట్టారు. గోడ మీద ప్రభుత్వ బోర్డు, లోపల ప్రైవేటు ధర. ఆ తరువాత వచ్చిన ప్రభుత్వం 2025 సెప్టెంబరులో మరో పది వైద్య కళాశాలలను ప్రభుత్వ-ప్రైవేటు భాగస్వామ్యంలో నడపాలని నిర్ణయించింది. జెండా మారింది, దారి మారలేదు. కాబట్టి ఈ ప్రశ్నను ఏదో ఒక పార్టీకి అనుకూలంగానో వ్యతిరేకంగానో చూసేవాళ్లు మోసపోతారు.

ఉప్పెన చెప్పిన పాఠం

దివిసీమలో వయసు మళ్లిన వాళ్లెవరిని కదిలించినా 1977 నవంబరు 19 గురించి చెబుతారు. ఆ రాత్రి సముద్రం ఊళ్ల మీదికి వచ్చింది. వేలాది మంది ఒక్క రాత్రిలో కొట్టుకుపోయారు. శవాలకు కులం, మతం మిగలలేదు. ఖబరస్తాన్, శ్మశానం అన్న తేడా లేకుండా దొరికిన చోట దొరికిన చేతులు మట్టి కప్పాయి. ఆ తరువాత తుపాను షెల్టర్లు కట్టారు, హెచ్చరిక వ్యవస్థ వచ్చింది. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ బాపట్ల దగ్గర తీరం దాటినప్పుడు, 2025 అక్టోబరు 28 రాత్రి మొంథా వచ్చినప్పుడు, ఆ 1977 మళ్లీ రాలేదు. ఎందుకు రాలేదు? ఉపగ్రహాలు ఒక్కటే కారణం కాదు. ఇంటింటికీ తిరిగి మనుషులను కదిలించినవాళ్లు ఉన్నారు. విరిగిన స్తంభం ఎక్కి తీగ కట్టిన లైన్‌మన్ ఉన్నాడు. బురద ఎత్తిన పారిశుద్ధ్య కార్మికురాలు ఉంది. మిచౌంగ్ తీరం దాటిన వారం రోజులకే అంగన్‌వాడీలు సమ్మెకు దిగారు, ఆ నెలాఖరున మునిసిపల్ కార్మికులు దిగారు. ఆపదలో వీరులని పొగిడినవాళ్లను జీతం అడిగినప్పుడు ద్రోహులుగా చూడడం మనకు తగునా?

పారిశుద్ధ్య కార్మికుల్లో అత్యధికులు దళితులు. మెహతర్ ముస్లింలు కూడా తరతరాలుగా ఇదే పని చేస్తూ వచ్చారు. ఇస్లాంలో అంతరాలు లేవని వేదిక మీద చెబుతాం. మన వీధి కాలువ తీసే మనిషి సమ్మె చేస్తే శిబిరం దగ్గరకు వెళ్లి ఒక పూట కూర్చోలేకపోతే ఆ మాటకు విలువ ఎంత?

సంఘాలను కూడా అడగాలి

ఇంతవరకు చదివిన కొందరు పాఠకుల మనసులో ఒక ప్రశ్న మెదులుతూ ఉంటుంది: మనకు కష్టం వచ్చినప్పుడు ఈ సంఘాలు ఎక్కడున్నాయి? ఇది న్యాయమైన ప్రశ్న. పేరు చూసి ఇల్లు అద్దెకు ఇవ్వనప్పుడు, గడ్డం చూసి పని ఇవ్వనప్పుడు ఎన్ని సంఘాలు నోరు విప్పాయి? జిల్లా కమిటీల్లో ముస్లింలు ఎందరు, అందులో ముస్లిం మహిళలు ఎందరు? పర్మినెంటు ఉద్యోగి డీఏ కోసం చూపిన పట్టుదలను అదే కార్యాలయంలో ఔట్‌సోర్సింగ్ మీద పనిచేసే కుర్రవాడి కోసం చూపారా? 2022 ఫిబ్రవరి 3న పీఆర్సీ మీద విజయవాడ వీధులను నింపిన ఉద్యోగులు, ఉపాధ్యాయులు అంగన్‌వాడీల 42 రోజుల్లో అదే సంఖ్యలో కనిపించారా? కౌంటరు దగ్గర పేదవాణ్ణి పదిసార్లు తిప్పించుకునే ఉద్యోగిని ఏ సంఘమైనా మందలించిందా? ప్రజలు దూరమైన సంఘాన్ని అణచడం ప్రభుత్వానికి సులువు. సమ్మె ప్రభుత్వోద్యోగుల ప్రాథమిక హక్కు కాదని సుప్రీంకోర్టు 2003లో తమిళనాడు ఉద్యోగుల కేసులో చెప్పింది. 2025 నవంబరు 21న అమలులోకి వచ్చిన కార్మిక కోడ్‌లు పరిశ్రమల్లో సమ్మెకు ముందస్తు నోటీసు షరతులను మరింత బిగించాయి. చట్టం అండ తగ్గుతున్నకొద్దీ సంఘాలకు మిగిలే బలం ప్రజల సానుభూతి ఒక్కటే. దానిని సంపాదించుకోవలసిన బాధ్యత వాళ్లదే.

ఉర్దూ పోస్టుల సంగతి చూడండి. 2022 మార్చిలో ఉర్దూ రాష్ట్రమంతటా రెండవ అధికార భాష అయింది. అయినా ఉర్దూ మాధ్యమ బడుల్లో ఉపాధ్యాయ ఖాళీలు తీరలేదు. ఎస్సీ, ఎస్టీలకు రిజర్వు చేసిన ఉర్దూ పోస్టులకు ఉర్దూ చదివిన అభ్యర్థులు దొరకక అవి ఖాళీగానే మిగిలిపోతున్నాయి. దళిత సంఘాలతో తగువు పెట్టుకోకుండా, వారి వాటాకు నష్టం రాకుండా దీనికి పరిష్కారం వెదకాలంటే ఇద్దరినీ ఒక బల్ల దగ్గర కూర్చోబెట్టగల మూడో మనిషి కావాలి. ఉపాధ్యాయ సంఘాలు ఆ పని చేయగలవు. చేయమని మనం అడగాలి. అడగాలంటే ముందు మనం వాళ్ల మధ్య ఉండాలి.

సంఘటిత పోరాటం మనకు పరాయిది కూడా కాదు. ‘ఇంక్విలాబ్ జిందాబాద్’ నినాదాన్ని ఈ దేశానికి ఇచ్చినది మౌలానా హస్రత్ మోహానీ. హైదరాబాదులో కార్మిక సంఘాలను కట్టినవారిలో అగ్రగణ్యుడు మఖ్దూం మొహియుద్దీన్. అంతెందుకు, మన ఇమాములే సంఘంగా ఏర్పడి సుప్రీంకోర్టుకు వెళ్లారు. వక్ఫ్ బోర్డులు ఇమాములకు వేతనం చెల్లించాలని 1993లో అఖిల భారత ఇమాముల సంస్థ కేసులో కోర్టు చెప్పింది. నమాజు చదివించే ఇమాముకు ఉన్న హక్కు, చీపురు పట్టే మనిషికి ఎందుకు ఉండకూడదు?

మన ఇంటి సంగతి

ఇతరులను అడిగే ముందు మన ఇంటిని కూడా చూసుకోవాలి. చెమట ఆరకముందే కూలి చెల్లించమని ప్రవక్త (స) బోధించారని ప్రతి ఖుత్బాలో వింటాం. మన మసీదు కమిటీలు మౌజన్‌కు నెలకు ఎంత ఇస్తున్నాయి? మన దుకాణాల్లో గుమాస్తాకు వారంలో ఒకరోజు సెలవు ఉందా? మన యాజమాన్యంలోని ప్రైవేటు బడుల్లో డిగ్రీ చదివిన అమ్మాయిలు ఎంత జీతానికి పాఠాలు చెబుతున్నారు, వేసవి నెలల్లో వారికి అది కూడా అందుతున్నదా? ఈ ప్రశ్నలకు సిగ్గుపడకుండా జవాబు చెప్పగలిగిన రోజున ప్రభుత్వాన్ని నిలదీసే గొంతుకు బలం వస్తుంది.

చేయవలసినవి పెద్ద పనులేమీ కావు. ఒకటి, ప్రతి మసీదు కమిటీ తన పరిధిలో అంగన్‌వాడీ, ఆశా, మునిసిపల్, ఆర్టీసీ, విద్యుత్ శాఖల్లో పనిచేస్తున్నవారు, వారిలో కాంట్రాక్టు మీద ఉన్నవారు ఎవరో తెలుసుకోవాలి. మన పక్కనే నడిచే కుర్రవాడి తల్లి సమ్మెలో ఉన్న సంగతి మనకు తెలిసి ఉండాలి. రెండు, మచిలీపట్నం కోనేరు సెంటరులోనో, గుడివాడ నెహ్రూ చౌక్‌లోనో, అవనిగడ్డలోనో కార్మికులు ధర్నా చేసినప్పుడు మైనారిటీ హక్కుల సంఘం బ్యానరు కూడా అక్కడ కనిపించాలి. మూడు, మన వినతిపత్రంలో 4 శాతం పక్కనే మరో వాక్యం చేరాలి: ఖాళీలన్నీ శాశ్వత నియామకాలతో భర్తీ చేయాలి, ఔట్‌సోర్సింగ్ కొలువుల్లోనూ రోస్టరు పాటించాలి, ఏ శాఖలో ఏ వర్గం వారు ఎందరున్నారో ఏటా ప్రకటించాలి. నాలుగు, ఉద్యోగాల్లో ఉన్న మన పిల్లలు సంఘాల్లో చేరాలి, చందా కట్టి ఊరుకోకుండా కమిటీలకు పోటీ చేయాలి.

ఆ శుక్రవారం మసీదు మెట్ల మీద నేను మాట్లాడవలసింది. “పెద్దయ్యా, మీ మనుమడికి రోజూ గుడ్డు పెట్టే ఆవిడే ఆ టెంటులో కూర్చున్నది, ఈ అబ్బాయి వాళ్లమ్మే” అని ఒక్క మాట చెబితే చాలు. ఆయన మంచి మనిషి, వెళ్లి సలాం చెప్పి వచ్చేవారేమో. మేము చెప్పలేదు. మర్నాడు ఎస్మా వచ్చింది. ఆమె మరో పదహారు రోజులు మాకు ఏమీ కానట్టు అక్కడ కూర్చున్నది. సమ్మె ముగిసి కేంద్రం తెరిచిన రోజున మా వీధి పిల్లలందరినీ ఎప్పటిలాగే పేరు పెట్టి పిలిచి లోపలికి తీసుకువెళ్లింది. మళ్లీ టెంటు వేయవలసిన రోజు వస్తే, ఈసారి మనం కూడా ఆమెను పేరు పెట్టి పలకరించగలగాలి.